పవర్ డ్రైవరు బిట్లు – ఎంపిక, అమరిక, లెక్క
(సభ్య సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, మెకానిక్కులకు)

ఉదయం పాల సేకరణ ముగిసే సమయానికి బల్క్ కూలరు ఆగిపోయిందనుకుందాం. స్టార్టరు పెట్టె మూత తీసి చూడాలి. మూతకు నాలుగు స్క్రూలు. మూడు వచ్చాయి. నాలుగవ దాని గాడి అరిగి గుండ్రమైపోయింది, బిట్టు పెడితే గిర్రున తిరుగుతోంది తప్ప స్క్రూ కదలడం లేదు. ఆ స్క్రూ ఖరీదు రూపాయో రెండు రూపాయలో. కాని అది వచ్చేదాకా మూత రాదు, మూత వచ్చేదాకా మరమ్మతు మొదలుకాదు, మరమ్మతు అయ్యేదాకా కూలరులోని పాలు 4 డిగ్రీలకు దిగవు. ఇట్లాంటి స్క్రూలలో చాలా భాగం పాతబడి అరిగినవి కావు. సరిపడని బిట్టు పెట్టి తిప్పినందువల్ల పాడైనవి.

ఇది ఒక నష్టం. రెండవది ఇంతకన్న పెద్దది. పశువుల పాకలో పని చేస్తున్నప్పుడు జారి పడి, వెదకక వదిలేసిన బిట్టు గాని, స్క్రూ గాని, మేతలో కలిసి పశువు కడుపులోకి పోవడం. కావున బిట్ల పెట్టె సంగతి మెకానిక్కు ఒక్కడిదే అనుకోరాదు. సరైన బిట్టు కొనడం, దానికొక చోటు ఏర్పరచడం, పని కాగానే లెక్క చూడడం – ఈ మూడింటిని గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

స్క్రూ తలను బట్టి బిట్టు

మన కేంద్రాలలో కనిపించే స్క్రూ తలలు ముఖ్యంగా అయిదు రకాలు.

మొదటిది అడ్డగీత తల. స్విచ్చి బోర్డుల ఇత్తడి స్క్రూలు చాలావరకు ఇవే. వీటిని పవర్ డ్రైవరుతో తిప్పరాదు. గీతకు రెండు చివరలూ తెరిచి ఉంటాయి గనుక బిట్టు పక్కకు జారి, పక్కనున్న తీగెనో చేతినో గీరుతుంది. వీటికి చేతి స్క్రూడ్రైవరే మేలు.

రెండవది మనవాళ్ళు 'స్టార్' అని పిలిచే నాలుగు రెక్కల తల. దీని అసలు పేరు ఫిలిప్స్. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ అనే ఆయన 1936లో దీనికి పేటెంటు పొందాడు. ఆ దశాబ్దంలోనే మోటారు కార్ల కర్మాగారాలు దీనిని వాడుకలోకి తెచ్చాయి. బిట్టు తనంతట తానే గాడి నడుమకు చేరుకోవడం దీని సుగుణం. గాడి గోడలు ఏటవాలుగా ఉండడం దీని లోపం. బలం ఎక్కువైనప్పుడు ఆ ఏటవాలు బిట్టును పైకి నెట్టివేస్తుంది. అందుచేత ఫిలిప్స్ స్క్రూను తిప్పేటప్పుడు డ్రైవరును నిటారుగా నిలిపి, వెనుక నుండి గట్టిగా అదిమి పట్టాలి.

మూడవది పోజీడ్రైవ్. ఇది 1960ల మొదట్లో ఇంగ్లండులో వచ్చింది. చూపుకు ఫిలిప్స్ లాగే ఉంటుంది గాని, నాలుగు రెక్కల మధ్య మరో నాలుగు సన్నని గీతలు కనిపిస్తాయి. విదేశీ యంత్రాలలోను, కొన్ని స్విచ్ గేరు పెట్టెలలోను ఇవి ఉంటాయి. వీటికి ఫిలిప్స్ బిట్టు పెడితే పట్టినట్టే పట్టి జారిపోతుంది. జపాను యంత్రాలలో నాలుగు రెక్కల తల మీద ఒక చిన్న చుక్క ఉంటే అది జపాను ప్రమాణం ప్రకారం చేసినది. దానిలో ఫిలిప్స్ బిట్టు అడుగుదాకా దిగదు.

నాలుగవది అలెన్ తల. అంటే ఆరు పలకల గుంట. పంపుసెట్లు, గేరు పెట్టెలు, పాలు పితికే యంత్రాలు – వీటిలో ఎక్కువ.

అయిదవది ఆరు రేకుల పువ్వు వంటి టార్క్స్ తల. ఇది 1967లో అమెరికాలో పుట్టింది. దీని గోడలు దాదాపు నిలువుగా ఉంటాయి గనుక బిట్టును పైకి నెట్టవు. కొత్త ఎలక్ట్రానిక్ తూనికలలోను, పాల పరీక్ష యంత్రాలలోను ఇవి కనిపిస్తున్నాయి. రేకుల మధ్య ఒక చిన్న పొడుపు నిలబడి ఉంటే, దానికి నడుమ రంధ్రం ఉన్న బిట్టు కావాలి.

నంబరు సరిపోవాలి

తల రకం కుదిరితే చాలదు, నంబరు కూడా కుదరాలి. ఫిలిప్స్ బిట్ల మీద 'పీహెచ్' అనే అక్షరాలు, పక్కన అంకె ఉంటాయి. 2.5, 3 మిల్లీమీటర్ల మర స్క్రూలకు 1వ నంబరు బిట్టు, 3.5 నుండి 5 మిల్లీమీటర్ల వాటికి 2వ నంబరు, 6 మిల్లీమీటర్ల వాటికి 3వ నంబరు వాడాలి. పోజీడ్రైవ్ బిట్ల మీద 'పీజెడ్' అని ఉంటుంది.

అలెన్ తలలో పొడుగు తల ఉన్న బోల్టులకు లెక్క ఇది: 4 మిల్లీమీటర్ల బోల్టుకు 3 మిల్లీమీటర్ల బిట్టు, 5కు 4, 6కు 5, 8కి 6. గుంట పెద్దదిగా ఉందని అంగుళాల బిట్టును ఇరికించరాదు. కొద్దిపాటి తేడాయే గుంట మూలలను తినివేస్తుంది.

సందేహం కలిగితే ఒక సులువైన పరీక్ష ఉంది. స్క్రూను బిట్టు మొనకు తగిలించి అడ్డంగా పట్టుకోండి. సరైన బిట్టయితే స్క్రూ ఊగకుండా నిలుస్తుంది. అటూ ఇటూ ఆడితే ఒక నంబరు పెద్దది పెట్టి చూడండి. గాడిలో దిగగలిగిన బిట్లలో పెద్దదే సరైనది.

ఉక్కు గుణం – కంచన్‌బాగ్ చెప్పే పాఠం

అంగడిలో ఒకే నంబరు బిట్టు పది రూపాయలకూ దొరుకుతుంది, దానికి పది రెట్ల ధరకూ దొరుకుతుంది. చూపుకు రెండూ ఒకటే. తేడా ఎక్కడ ఉంది? ఉక్కు కూర్పులోను, దానికి ఇచ్చిన కాపులోను ఉంది.

దీనిని గ్రహించడానికి మన హైదరాబాదులోని కంచన్‌బాగ్ మంచి ఉదాహరణ. పాతబస్తీకి ఆగ్నేయ దిక్కున సంతోష్‌నగర్ దగ్గరి ఈ ప్రాంతం లోహ విద్యకు పేరు పొందింది. 1963లో ఏర్పడిన రక్షణ లోహ పరిశోధనశాల ఇక్కడే ఉంది. 1973లో కేంద్ర రక్షణ శాఖ కింద ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్, మనవాళ్ళ నోట 'మిధాని', ఇక్కడే ఉంది. సంస్థ పేరులోనే సంగతి తెలుస్తున్నది. మిశ్ర ధాతువు అంటే కొన్ని లోహాల కలయిక. ఇక్కడ తయారయ్యే వాటిలో మరేజింగ్ ఉక్కు ఒకటి. అందులో బొగ్గు అంశ చాలా తక్కువ, నికెల్ సుమారు 18 శాతం, దానితోపాటు కోబాల్టు, మాలిబ్డినం, టైటానియం ఉంటాయి. దానిని సుమారు 480 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే గొప్ప బలం వస్తుంది, అయినా పెళుసుబారదు. మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి దశ మోటారు గొట్టానికి వాడేది ఈ జాతి ఉక్కునే.

బిట్టు రాకెట్టు ఉక్కుతో చేసేది కాదు. కంచన్‌బాగ్‌లో బిట్లు చేస్తారని కూడా మా భావం కాదు. కాని అక్కడి శాస్త్రవేత్తలకు ఎదురయ్యే చిక్కే బిట్టు చేసేవారికీ ఎదురవుతుంది. ఉక్కును గట్టిపరచిన కొద్దీ అది పెళుసుబారి విరుగుతుంది. మెత్తబరచిన కొద్దీ మెలి తిరిగి అరుగుతుంది. రెంటికీ నడుమ సమతూకం కుదరాలి. మన కొడవలికి కమ్మరి నీరు పెట్టి, మళ్ళీ కొంచెం కాచి పెళుసు విరిచేది ఇందుకే.

మంచి బిట్లకు సాధారణంగా వాడేది ఎస్ 2 అనే ఉక్కు. దెబ్బలకు ఓర్చుకొనే పనిముట్ల ఉక్కు జాతి ఇది. ఇందులో సుమారు అర శాతం బొగ్గు, ఒక శాతం సిలికాన్, కొద్దిగా మాలిబ్డినం ఉంటాయి. రాక్‌వెల్ సి కొలతలో దీని గట్టితనం 58 నుండి 62 దాకా ఉండేట్టు కాపు ఇస్తారు. చేతి పనిముట్లకు ఎక్కువగా వాడే క్రోమ్ వెనేడియం ఉక్కు పవర్ డ్రైవరు వేగానికి త్వరగా అరుగుతుంది.

దెబ్బ కొడుతూ తిప్పే ఇంపాక్టు డ్రైవరు ఉన్నవారు 'ఇంపాక్ట్' అని రాసిన బిట్లే కొనాలి. వాటి నడుము సన్నగా ఉంటుంది. బలం ఒక్కసారిగా పడినప్పుడు ఆ నడుము కొంచెం మెలితిరిగి, దెబ్బను మొనదాకా పోనీయకుండా ఆపుతుంది. పైన బంగారు రంగు పూత ఉన్నంత మాత్రాన మంచి బిట్టని నమ్మరాదు. లోపలి ఉక్కు పేరు చదివి కొనండి.

స్టెయిన్‌లెస్ దగ్గర జాగ్రత్త

పాల పాత్రలు, కూలరు తొట్టి, వాటి స్క్రూలు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలువి. ఈ స్క్రూలతో మూడు చిక్కులు ఉన్నాయి.

ఒకటి, ఇవి అయస్కాంతానికి దాదాపు అంటవు. అయస్కాంతపు హోల్డరును నమ్ముకొని ఎత్తితే స్క్రూ జారి తొట్టిలో పడుతుంది.

రెండు, వేగంగా తిప్పితే స్టెయిన్‌లెస్ మరలు ఒకదానినొకటి కరచుకొని బిగుసుకుపోతాయి. తక్కువ వేగంతో, రెండు చుట్లు చేతితో పట్టించిన తర్వాతే డ్రైవరు వాడాలి. నూనె అవసరమైతే పాలకు తగిలే చోట ఆహార యంత్రాలకు అనుమతించిన రకమే వాడాలి.

మూడు, మామూలు ఇనుప పనికి వాడిన బిట్టును వీటికి పెడితే సన్నని ఇనుప రజను స్క్రూ తలలో అంటి, కొద్ది రోజులలో తుప్పు మచ్చలు వేస్తుంది. అందుచేత పాల పరికరాలకు రెండు బిట్లు విడిగా, శుభ్రంగా ఉంచాలి. వాటి మెడకు తెల్లరంగు పూస్తే గుర్తు పట్టడం తేలిక.

హోల్డర్లు ఎట్లా ఎంచాలి

బిట్టు కాడ ఆరు పలకలుగా ఉంటుంది. ఎదురెదురు పలకల మధ్య దూరం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఈ కొలత అన్ని కంపెనీలదీ ఒకటే. బిట్లు ముఖ్యంగా రెండు పొడవులలో వస్తాయి. 25 మిల్లీమీటర్ల పొట్టివి హోల్డరులో పెట్టి వాడేవి. 50 మిల్లీమీటర్ల పొడుగువి, కాడ చుట్టూ గాడి ఉన్నవి, నేరుగా ఇంపాక్టు డ్రైవరులో పెట్టేవి. మూడు దవడల చక్ ఉన్న మామూలు డ్రిల్లింగు డ్రైవరులో రెండూ పడతాయి.

పొట్టి బిట్టును నేరుగా చక్‌లో పెట్టవచ్చు గాని, చక్ లావు వల్ల స్క్రూ తల కనిపించదు, మూలలకు చేరదు. కావున 60 మిల్లీమీటర్ల హోల్డరు ఒకటి అవసరం. హోల్డర్లలో రెండు రకాలు. అయస్కాంతపు హోల్డరు ఇనుప స్క్రూలను పట్టి ఉంచుతుంది, కాని ఇనుప రజను కూడా ఆకర్షిస్తుంది. వారానికొకసారి గుడ్డతో తుడవాలి. రెండవ రకం తాళపు హోల్డరు. దాని మెడలోని గొట్టాన్ని వెనుకకు లాగితే గాని బిట్టు బయటికి రాదు. పాకలోను, తొట్టి పైనను పని చేసేటప్పుడు రెండవ రకమే వాడాలి. అయస్కాంతపు హోల్డరులో మాత్రమే నిలిచిన బిట్టు, బిగుసుకున్న స్క్రూలోనే ఇరుక్కుని, చేయి తీయగానే ఊడి కింద పడడం తరచు జరిగేదే.

డ్రైవరు మెడ మీద అంకెలున్న క్లచ్చి చుట్టు ఉంటే, మొదట చిన్న అంకె మీద పెట్టి, చాలకపోతే ఒక్కొక్క అంకె పెంచాలి. ఆ అంకెలు వరుస గుర్తులే గాని బలపు కొలతలు కావు. ఒక కంపెనీ 8, మరో కంపెనీ 8 ఒకటి కాదు. రేకుల కప్పు స్క్రూల కింద రబ్బరు బిళ్ళ ఉంటుంది. అది కొద్దిగా నొక్కుకున్నంత వరకే బిగించాలి. నలిగి బయటికి పొంగితే వానాకాలంలో అక్కడే కారుతుంది.

ఇంకొక హెచ్చరిక. బిట్టుకు, హోల్డరుకు విద్యుత్తు నుండి రక్షణ లేదు. స్టార్టరు పెట్టెగాని, స్విచ్చి బోర్డుగాని తెరిచే ముందు మెయిన్ తీసి, ఫ్యూజు కార్యదర్శి దగ్గర ఉంచాలి. పాల పరీక్ష యంత్రం లోపలి చిన్న స్క్రూలకు పవర్ డ్రైవరు వాడనే రాదు.

ఒక సంఘానికి ఎన్ని కావాలి?

నూరు ముక్కల పెట్టె చవకగా వస్తుందని కొనడం వృథా. అందులో ఎనభై ముక్కలు ఎన్నడూ వాడరు, వాడే ఇరవై నాసిరకంగా ఉంటాయి. సాధారణ సేకరణ కేంద్రానికి ఈ కింది జాబితా చాలు.

ఫిలిప్స్ 1వ నంబరు – 2
ఫిలిప్స్ 2వ నంబరు – 6
ఫిలిప్స్ 3వ నంబరు – 2
పోజీడ్రైవ్ 2వ నంబరు – 1
అడ్డగీత బిట్టు – 1 (గట్టి ఇనుప స్క్రూలకు, తక్కువ వేగంతో)
అలెన్ 3, 4, 5, 6 మిల్లీమీటర్లు – ఒక్కొక్కటి, మొత్తం 4
టార్క్స్ 20, 25 – ఒక్కొక్కటి, మొత్తం 2
రేకుల స్క్రూలకు, నట్లకు 8, 10 మిల్లీమీటర్ల సాకెట్ బిట్లు – 2
అయస్కాంతపు హోల్డరు – 1
తాళపు హోల్డరు – 1

మొత్తం 22 ముక్కలు. ఫిలిప్స్ 2వ నంబరు ఆరు ఎందుకంటే, మన పనిలో ఎక్కువ భాగం దానిదే. తెల్లరంగు పూయవలసిన రెండు బిట్లూ ఈ ఆరింటిలో నుండే తీయవచ్చు. బిట్టు సబ్బు వంటి ఖర్చయ్యే వస్తువు. రెక్కల అంచులు గుండ్రమై మెరుస్తూ కనిపించగానే తీసివేయాలి. అరిగిన బిట్టును పొదుపు చేస్తే, అది స్క్రూను తింటుంది. తీసివేసిన బిట్టును పెట్టెలో తిరిగి వేయక, పాత ఇనుముకు పంపండి.

నగరానికి వచ్చేవారు సికింద్రాబాదు రాణిగంజ్‌లోని పనిముట్ల అంగళ్ళలో విడి బిట్లు చూసి కొనవచ్చు. పాడైన స్క్రూ ఒకటి వెంట తెచ్చుకుంటే అక్కడే బిట్టు పెట్టి చూడవచ్చు.

చెక్క దిమ్మ – ఒక్కొక్క బిట్టుకు ఒక్కొక్క రంధ్రం

డబ్బాలో కలగాపులగంగా పోసిన బిట్లలో ఒకటి పోయినా తెలియదు. అందుకే వాటికి దిమ్మ కావాలి. దానికి ఊరి వడ్రంగి చాలు. వేప గాని టేకు గాని, సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క తీసుకోండి.

రంధ్రం 7.5 మిల్లీమీటర్లు వేయాలి. బిట్టు కాడ 6.35 గదా, 6.5 చాలదా అంటే చాలదు. 6.35 అనేది పలక నుండి పలకకు కొలత. మూల నుండి మూలకు కొలిస్తే అదే కాడ సుమారు 7.3 మిల్లీమీటర్లు వస్తుంది. రంధ్రం లోతు 15 మిల్లీమీటర్లు, బిట్ల మధ్య ఎడం 25 మిల్లీమీటర్లు ఉంటే వేళ్ళతో తీయడం సులువు. సాకెట్ బిట్లు, హోల్డర్లు లావుగా ఉంటాయి గనుక వాటిని చివరి వరుసలో ఇంకొంచెం ఎడంగా పెట్టాలి.

దిమ్మ పైభాగానికి తెల్లరంగు పూయండి. ప్రతి రంధ్రం పక్కన నంబరు రాయండి. ఫిలిప్స్ వరుసకు ఎరుపు, అలెన్ వరుసకు నీలం, ఇట్లా గీతలు గీస్తే చదువు రానివారు కూడా బిట్టును దాని చోటుకు చేర్చగలరు. 22 రంధ్రాలకు మించి ఒక్కటి కూడా వేయరాదు. ఖాళీ రంధ్రం కనిపించిందంటే ఒక బిట్టు బయట ఉన్నదని అర్థం కావాలి. అదనపు రంధ్రాలుంటే ఆ గుర్తు పోతుంది. తేమ తగలని చోట, గోడకు పెట్టిన మూత పెట్టెలో దిమ్మను ఉంచండి. నెలకొకసారి నూనె గుడ్డతో బిట్లను తుడిస్తే తుప్పు పట్టవు.

లెక్క ఎందుకు? పశువు కోసం

పశువు మేతను ఏరుకొని తినదు. నాలుకతో చుట్టి లాగి, సగం నమిలి మింగి, తరువాత తీరికగా నెమరు వేస్తుంది. గడ్డిలో ఉన్న మేకు, తీగె ముక్క, స్క్రూ కూడా దానితోపాటే లోనికి పోతాయి. బరువైన వస్తువు గనుక అది కడుపులో రెండవ గదికి, అనగా తేనెపట్టు వంటి గోడలున్న గదికి చేరి అక్కడే ఉండిపోతుంది. ఆ గది ముడుచుకున్నప్పుడల్లా వాడి మొన గోడలో దిగుతుంది. ఆ గదికి ముందు పలుచని పొర, దానికి ఆవల గుండె. మొన అంతదూరం పోయిందంటే పశువు దక్కడం అరుదు.

లక్షణాలు గుర్తుంచుకోండి. ఉన్నట్టుండి మేత మానడం, పాలు ఒక్కసారిగా తగ్గడం, నెమరు ఆగడం, వీపు విల్లులా వంచి నిలబడడం, ముందు కాళ్ళ మోచేతులు బయటికి పెట్టడం, పల్లానికి దిగడానికి వెనుకాడడం, లేచేటప్పుడు మూలగడం. గుండె దాకా పోతే మెడ నరం ఉబ్బుతుంది, గంగడోలులో నీరు దిగుతుంది. వీటిలో ఏది కనిపించినా అజీర్తి అని నాటు మందు పోయక వెంటనే పశువైద్యుని పిలవాలి. తొలి దశలో ఆపరేషను చేసి వస్తువును తీయవచ్చు. కొన్నిచోట్ల ముందు జాగ్రత్తగా పశువు చేత అయస్కాంతం మింగిస్తారు. అది రెండవ గదిలో నిలిచి ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది. కాని స్టెయిన్‌లెస్ స్క్రూ అయస్కాంతానికి చిక్కదని పైన చెప్పుకున్నాం. పాకలో పడిన స్టెయిన్‌లెస్ స్క్రూను కంటితో వెదకి తీయడం తప్ప వేరే మార్గం లేదు.

కాబట్టి పాకలోగాని, గడ్డి కోసే యంత్రం దగ్గరగాని పని చేసేటప్పుడు ఈ నాలుగు నియమాలు పాటించండి.

1. పని మొదలుపెట్టే ముందు పశువులను, మేతను అక్కడి నుండి తొలగించాలి. కింద గోనె గాని, లేతరంగు గుడ్డ గాని పరచాలి.
2. దిమ్మ నుండి అవసరమైన బిట్లే తీసుకోవాలి. ఎన్ని తీసుకున్నదీ, ఎన్ని స్క్రూలు విప్పినదీ పలక మీద రాయాలి.
3. విప్పిన స్క్రూలను జేబులో వేసుకోక, అంచున్న పళ్ళెంలో ఉంచాలి.
4. పని ముగిసిన తరువాత దిమ్మలోని రంధ్రాలన్నీ నిండాయో లేదో, స్క్రూల లెక్క సరిపోయిందో లేదో చూసిన పిమ్మటే పశువులను లోనికి తోలాలి. ఒక్కటి తగ్గినా దొరికేదాకా మేత వేయరాదు.

మన సంఘాలలో పాల లెక్క ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రాస్తున్నాం. ఒక్క లీటరు తేడా వస్తే రిజిస్టరు తిరగేసి చూస్తున్నాం. అదే రిజిస్టరు చివరి పేజీలో 'బిట్లు – 22' అని ఒక వరుస గీసి, మరమ్మతు జరిగిన రోజున మెకానిక్కు, కార్యదర్శి సంతకం చేస్తే సరిపోతుంది. ఒక చెక్క ముక్క, కాస్త రంగు, వడ్రంగికి ఒక పూట కూలి – దీనికి అయ్యే ఖర్చు ఇంతే. రాబోయే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చించి, ప్రతి సంఘమూ ఒక దిమ్మ చేయించవలసిందిగా కోరుతున్నాం.